మూడో పాట చివరి నిమిషం

మార్చి 3

మామయ్యా,

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు కాబట్టి మీ దారికే వచ్చి కాగితం పట్టుకున్నాను. "మీ మామయ్యకి ఉత్తరాల పిచ్చి. పక్కింటివాళ్ళని ఉప్పు అడగాలన్నా ఉత్తరమే రాస్తాడు" అంటుంది అమ్మ.

ఈ పెట్టెలో ఒక చిన్న ప్లేయరు, ఒక జత హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. త్రికోణం బొమ్మ ఉన్న బొత్తాం నొక్కితే మోగుతుంది. మొత్తం ఏడు పాటలు. పాటలంటే పాడేవాళ్ళెవరూ ఉండరు. కంప్యూటరు, ఒక పాత కీబోర్డు, నేను దారిలో పోగుచేసిన చప్పుళ్ళు, అంతే. దీన్ని ఎలక్ట్రానికా అంటారు. పగలు దంతాల డాక్టరుగారి ముందుగదిలో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, సాయంత్రం నా గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఇది చేసుకోవడం. ఇలా నాలుగేళ్ళు పట్టింది. ఏ కంపెనీనీ అడగలేదు. నేనే విడుదల చేసుకుంటున్నాను. నెట్‌లో పెడతాను, రెండొందల రికార్డులు ప్రెస్సులో వేయిస్తాను. అట్టమీద బొమ్మ కూడా నేనే గీశాను.

ఇప్పుడు మీతో పని. అవే చప్పుళ్ళు వినీ వినీ నా చెవులు మొద్దుబారాయి. ఏది ఎక్కువైందో, ఏది చాలలేదో తెలియడం లేదు. మీ వైండింగ్ షాపులో ఒక పద్ధతి ఉండేది కదా, మోటారు బాగుచేసినవాడు దాన్ని పాసు చెయ్యకూడదు, ఇంకొకరు విని "పంపెయ్" అంటేనే అది గడప దాటాలి అని. మీరు బాగుచేసేవారు, అత్తయ్య వినేది. అత్తయ్య పోయాక రెండో చెవి లేదని షాపే మూసేశారు. నా పనికి ఆ రెండో చెవి మీరు కావాలి.

ఏ పాటలో ఏముందో చెప్పను. ముందే చెబితే చెవి దాన్నే వెతుక్కుంటుందని నేర్పింది మీరే. ఎక్కడైనా బాగాలేదనిపిస్తే మొహమాటపడకండి. మీరు వద్దన్నది నేను ఉంచను. ఇరవై అయిదుకల్లా ప్రెస్సుకి పంపాలి. రికార్డు అచ్చయ్యాక ఇంక దిద్దడానికి ఉండదు.

మీ కోడలు పిల్ల


మార్చి 11

అమ్మడూ,

పెట్టె అందింది. మా పోస్టుమాన్‌కి ఒక అలవాటుంది, ఏ పెట్టె వచ్చినా ఊపి చూడకుండా ఇవ్వడు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఊపి ఊపి ఎన్ని గాజుగ్లాసులు పగలగొట్టాడో లెక్క లేదు. నీ పెట్టెనీ ఊపాడు. అయినా పనిచేస్తోంది, నీ అదృష్టం.

ఫోన్ సంగతి. ఫోన్లో అవతలివాడు నోటికొచ్చింది అంటాడు, ఇవతలివాడు తోచింది వింటాడు, సాయంత్రానికి ఇద్దరూ "నేనలా అనలేదు" అంటారు. ఉత్తరానికైతే సాక్ష్యం ఉంటుంది. నేను బళ్ళో చదివింది ఎనిమిదే. మిగతా చదువంతా సామాన్లు చుట్టి ఇచ్చిన పాత పత్రికల కాగితాల మీద చదువుకున్నదే. ఎన్నో కథలు నాకు సగమే తెలుసు, రెండో సగం ఎవరి పొట్లానికి పోయిందో. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాన్ని పక్కన పెట్టి ఫోన్ పట్టుకోమంటే ఎలా.

అసలు విషయానికి వస్తాను. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదురుషాపు దర్జీ కుట్టుమిషన్ ఆపి, "విమానం నడుపుతున్నావా" అని చేతులు చాపి చూపించాడు. అతనికి పొట్టచెక్కలయ్యేంత నవ్వు. వాడి చొక్కాలు తొడుక్కున్నవాళ్ళని చూసి మేమెప్పుడైనా నవ్వామా.

మొదటిది అయిదు నిమిషాల పది సెకన్లు, సరిగ్గా సరిపోయింది. రెండోది అంతకంటే మేలు. నాలుగోది గట్టిది. అయిదోది మెత్తగా, జోలపాటలా ఉంది. ఆరు, ఏడులకి వంక పెట్టడానికి లేదు.

ఇక, రెండో చెవి అన్నావు కాబట్టి ఉన్నమాట చెప్పాలి. మూడోది తొమ్మిది నిమిషాలు. అంత అక్కర్లేదు. చివరి నిమిషం ఒట్టి నసుగుడు. చెప్పాల్సింది చెప్పేశాక కూడా గుమ్మంలో నిలబడి కబుర్లాడే చుట్టంలా ఉంది. ఆ తోక కోసెయ్. మిగతాది పంపెయ్.

ఇట్లు,
ఇంకా పనికొస్తున్న మీ మామయ్య


మార్చి 16

మామయ్యా,

మీ ఉత్తరం డాక్టరుగారి ముందుగదిలో విప్పాను. వరసలో కూర్చున్న పెద్దాయన దవడ చేత్తో పట్టుకునే, "మంచి కబురేనా అమ్మా" అన్నాడు. "తెలియడం లేదండీ" అన్నాను. "అయితే నాలాగే" అన్నాడు.

ముందు చిన్న సంగతి. అయిదోది మా డాక్టరుగారి డ్రిల్ చప్పుడుతో కట్టింది. విన్నవాళ్ళంతా నోరు మూసుకుని బుగ్గ పట్టుకుంటున్నారు. జోలపాటలా ఉందన్నది మీరొక్కరే. ఎగతాళి చేశారా?

పెద్ద సంగతి మూడోదాని చివరి నిమిషం. నేను దాన్ని తోక అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషం కోసమే ముందు ఎనిమిది నిమిషాలూ ఉన్నాయి. దానిమీదే ఏడాది కూర్చున్నాను. అందులో ఏముందో మీకు తెలిసింది కదా? తెలిసే కోసెయ్యమంటున్నారా?

ఇంకొక్కసారి వినండి. షాపు తలుపులు తీసి, మీ పాత బల్ల దగ్గర కూర్చుని వినండి. అప్పుడు కూడా వద్దంటే తీసేస్తాను. మీ మాటకి ఎదురు చెప్పను. కానీ ఒక్కసారి వినండి.

కోడలు పిల్ల


మార్చి 20

ప్రశ్నలెక్కువైన మా అమ్మడికి,

డ్రిల్ సంగతి ఎగతాళే. మామయ్యకి ఆమాత్రం హక్కు లేదా.

నువ్వు చెప్పినట్టే షాపు తెరిచాను. తాళం కప్ప మొరాయిస్తే దర్జీ వచ్చి కుట్టుమిషన్ నూనె పోశాడు. "మళ్ళీ తెరుస్తున్నావా, ఇంక మా బజారుకి నిద్రలేదు" అని పెద్దగా అన్నాడు. బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు విన్నాను. నా మాట మారలేదు. తెలిసే అంటున్నాను.

నీకొకటి చెబుతాను. ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ ఆయన తన మోటారు తెచ్చాడు. విప్పితే లోపల ఎందుకూ పనికిరాని ఒక ఇత్తడి ఉంగరం ఉంది. "అది మా నాన్న వేసింది, ఉండనివ్వండి" అన్నాడు. "మీ నాన్న మీద గౌరవముంటే ఇంట్లో ఫొటో పెట్టుకోండి, మోటార్లో కాదు" అని తీసి చేతిలో పెట్టాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ మోటారు ఇరవయ్యేళ్ళు తిరిగింది. ఏడాది కూర్చున్నావని ఒకదాన్ని ఉంచుకోకూడదు. అయినా ఇది ఇంకొకరైతే మొహమాటపడి బాగుందనేవాళ్ళు. నేను నీ సొంత మేనమామని కాబట్టి చెబుతున్నాను. కోసెయ్, పాట పరువు నిలుస్తుంది.

అన్నట్టు ఆ బల్లకి చెదలు పట్టింది. దాని గురించి ఎవరూ నన్ను అడగలేదు, నేనే చెబుతున్నాను.

మీ మామయ్య


మార్చి 26

మామయ్యా,

తీసేశాను. నిన్న ప్రెస్సుకి పంపాను. మూడోది ఇప్పుడు ఎనిమిది నిమిషాలకి ఆగిపోతుంది.

మీకది కష్టంగా ఉంటుందని ముందే తోచాల్సింది నాకు. అడగకుండా మీ ముందు పెట్టాను. తప్పు నాదే. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తను.

కోడలు


ఏప్రిల్ 2

అమ్మడూ,

నాకు కష్టమని నీకెవరు చెప్పారు? దర్జీ గాని మీ అమ్మకి ఫోన్ చేశాడా? వాడికి కొలతలు తప్ప అన్నీ గుర్తుంటాయి. ఎవరు ఏం చేరవేసినా నమ్మకు.

సరే, ఎలాగూ తెలిసింది కాబట్టి ఒక్కసారే రాస్తాను. ఉన్నన్నాళ్ళు బాగా పనిచేసింది. పోయింది. ఈ వయసులో అందరికీ జరిగేదే. దానికోసం ఏడుస్తూ కూర్చునే రకం కాదు నేను. లేకపోయినా నా రోజు గడుస్తోంది. నిజం చెప్పాలంటే ఇంట్లో కాస్త ప్రశాంతంగా కూడా ఉంది. జాలిపడే ఉత్తరాలు నాకు రాయకు. నాకు పడవు.

రికార్డు వచ్చాక ఒకటి పంపు. అట్ట చూస్తాను.

మామయ్య


జులై 19

మామయ్యగారికి,

రికార్డు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. మూణ్ణెల్లు ఎందుకు రాయలేదని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఏం రాసినా కోపమే వచ్చేది.

ఆల్బమ్ బయటికి వచ్చింది. ఒక సైకిళ్ళ షాపు పైన అద్దెకి తీసుకున్న గదిలో ముప్ఫై ఒక్కమంది కూర్చుని మొత్తం విన్నారు. ముప్ఫై రెండో ఆయన మెట్ల మీద నిలబడి విని వెళ్ళిపోయాడట, ఎవరో తెలియదు. నెట్‌లో కొంతమంది మంచి మాటలు రాశారు. ఒకాయన మాత్రం, "మూడోది ఎవరో వచ్చి కూర్చోబోతుంటే కుర్చీ లాగేసినట్టు ఆగింది" అని రాశాడు. ఆయనెవరో ఆయన చెవికి దండం పెట్టాలనిపించింది.

మీరే అన్నారు, ఉత్తరానికి సాక్ష్యం ఉంటుందని. ఏప్రిల్ రెండున రాసింది నా ముందుంది. "ఉన్నన్నాళ్ళు బాగా పనిచేసింది. పోయింది. లేకపోయినా నా రోజు గడుస్తోంది. ఇంట్లో కాస్త ప్రశాంతంగా కూడా ఉంది." మామయ్యా, అత్తయ్య గురించి ఎవరైనా అలా రాస్తారా? ఆవిడేమైనా మిక్సీనా?

మూడో పాట చివరి నిమిషంలో ఉన్నది అత్తయ్య గొంతు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు సెలవులకి మీ ఇంటికొచ్చి, షాపులో కూర్చుని క్యాసెట్టులో పట్టింది. మోటారు చప్పుడూ, మీ గొంతూ, ఆవిడ గొంతూ. మొత్తం ఇంట్లో ఆవిడ మాట మిగిలింది ఆ ఒక్క నిమిషమే. ఆ పాటలో ముందున్న ఎనిమిది నిమిషాలూ ఆ మోటారు చప్పుడు నుంచే పుట్టించాను. అది మీకు నసుగుడు అయింది. గుమ్మంలో వదలని చుట్టం అయింది. తెలిసే అంటున్నానని రాశారు. బాధ భరించలేక వద్దంటున్నారనుకుని తీసేశాను. బాధ కాదని తర్వాత మీరే రాశారు.

అట్ట వెనక "రెండో చెవి: మా మామయ్య" అని వేయించాను. అప్పటికే అచ్చయిపోయింది. లేకపోతే అదీ తీసేసేదాన్ని.

—


జులై 27

అమ్మడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాంట్లో వాన గురించి రెండు పేజీలు రాశాను. రెండోదాంట్లో దర్జీ కొడుకు పెళ్ళి సంబంధం గురించి. నాకు తిన్నగా రాయడం రాదు. ఇవాళ ప్రయత్నిస్తాను.

నాకు వినపడదు.

ఎడమ చెవి నలభై అయిదో ఏట పోయింది, గ్రైండరు ముందు కూర్చుని కూర్చుని. కుడిచెవితో నెట్టుకొచ్చాను. షాపులో ఎవరికీ తెలియనివ్వలేదు. మోటారు మెకానిక్‌కి వినపడదంటే బజార్లో ఎవడు మోటారు తెస్తాడు. మీ అత్తయ్యకి కూడా తెలియకుండా దాచాను. ఆవిడ కుడివైపే ఉండేలా కుర్చీ వేయించాను, వెలుతురు బాగుంటుందని చెప్పి. ఆవిడ పోయిన ఏడాదే కుడిది కూడా వెళ్ళిపోయింది. చెవి డాక్టరు మిషన్ పెట్టాడు. దాంట్లో గిన్నెలు మోగుతాయి, మాటలు మోగవు. తీసి సొరుగులో పెట్టాను. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అదే. నీకు రాసిన కారణాలు కూర్చుని అల్లినవి.

నీ పెట్టె వచ్చిన రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాను. ఎక్కడో దూరాన లారీ పోతున్నట్టు కాస్త అదురు తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు. ఆ ప్లేయరు తెర మీద పాట నంబరు, నిమిషాలు కనబడుతున్నాయి. అవే చూస్తూ కూర్చున్నాను. అన్నీ అయిదు, ఆరు నిమిషాలు. మూడోదొక్కటే తొమ్మిది. అన్నీ బాగున్నాయని రాస్తే నువ్వు నమ్మవు, రెండో చెవి ఎప్పుడూ ఏదో ఒక వంక పట్టాలి గదా. పొడుగైనదానికి చివర కొంచెం ఎక్కువైందంటే గురి తప్పదనుకున్నాను. నసుగుడన్నాను, చుట్టమన్నాను, మాట బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. నువ్వు మళ్ళీ వినమని బతిమాలితే, ఏం తెలియకుండానే "తెలిసే అంటున్నాను" అని రాశాను. ఆ ఐసు ఫ్యాక్టరీ ఆయన కథ నిజమే, కాని ఆ మోటారు ఆర్నెల్లకి మళ్ళీ వచ్చింది. ఆ ఉంగరం మళ్ళీ వేస్తేగాని తిరగలేదు. నీకు ఇరవయ్యేళ్ళన్నాను.

ఏప్రిల్లో రాసింది నా చెవి గురించి. నా గుట్టు నీకు తెలిసిపోయిందనుకుని ఉడుక్కుని రాశాను. మీ అత్తయ్య గురించి అలాంటి మాట నా చేత్తో రాస్తానా? కాని రాసినట్టే ఉంది. నీ ఉత్తరం చదివాక మళ్ళీ ఆ మాటలు చూసుకున్నాను. నేనైనా నీలాగే అర్థం చేసుకునేవాణ్ణి.

ప్లేయరు ఇంటి కిటికీ దగ్గరే ఉంది. దాంట్లో ఆవిడ మాట ఇంకా ఉంది కదా, నువ్వు కొయ్యకముందు పంపింది. ఎదురుగా పెట్టుకుని తొమ్మిది నిమిషాలూ అంకెలు చూశాను. ఎనిమిదో నిమిషం దాటగానే, ఇప్పుడు మాట్లాడుతోందన్నమాట అనుకున్నాను. పక్కనే ఉంది, ఏమంటోందో తెలియదు. దర్జీకి పెట్టి వినమన్నాను. విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమంది" అంటే కాగితం మీద "చెల్లెమ్మే" అని ఒక్క మాట రాసి, మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడెప్పుడూ కుట్టు సగంలో వదిలేసే రకం.

నా మాట విని కోసేశావు. ఏమని అడగను నిన్ను.

మామయ్య


ఆగస్టు 8

మామయ్యా,

కోపం పోయిందని రాయను. సగం పోయింది. మిగతా సగం, చెప్పి ఉంటే సరిపోయేది గదా అని. "అమ్మడూ, నాకు వినపడదు" అని ఒక్క వాక్యం. నేను ఇంకో చెవిని వెతుక్కునేదాన్ని, మీతో మాత్రం అట్టమీద బొమ్మ దిద్దించుకునేదాన్ని. అమ్మకి చెప్పాను. "మా అన్నయ్య చిన్నప్పుడు కాలు విరిగితే కూడా బెణికిందనే అన్నాడు" అని కూర్చుని ఏడ్చింది.

రెండొందల రికార్డుల్లో నూట అరవై వెళ్ళిపోయాయి. అవి అలాగే ఉంటాయి. మళ్ళీ వేయించేంత శక్తి నాకు లేదు. నెట్‌లో ఉన్నదాన్ని మార్చొచ్చు, మారుస్తాను. కాని మొదట విన్నవాళ్ళు విన్నది కుర్చీ లాగేసిన పాటే.

నిన్న సాయంత్రం క్యాసెట్టు మళ్ళీ పెట్టి, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఆ నిమిషంలో ఉన్నదంతా కాగితం మీద దించాను. మీకు అందేలా పంపడానికి ఇదొక్కటే దారి. ఒక్క మాట కూడా నేను చేర్చలేదు.

మోటారు తిరుగుతోంది. ఎవరో స్పానరు కిందపెట్టారు.
మీరు: "ఎలా ఉంది?"
అత్తయ్య: "మీకెలా ఉంది?"
మీరు: "బాగానే ఉంది. పంపెయ్యొచ్చు."
అత్తయ్య: "లోపల బేరింగు సన్నగా గీసుకుంటోందండీ. వినలేదూ?"
కొంచెంసేపు మోటారు ఒక్కటే.
మీరు: "ఆ. నాకూ అలాగే అనిపించింది."
తర్వాత అత్తయ్య గొంతు దగ్గరికి వస్తుంది. నా చెవిలో చెబుతున్నట్టుంది: "చూశావా, ఎప్పుడూ ఈయనకి అలాగే అనిపిస్తుంది. నేను చెప్పాక."
నేను కిసుక్కుమన్నాను.
అత్తయ్య: "నవ్వకే. చూస్తారు."
అత్తయ్య నవ్వింది.
ఆ గుసగుసలేమిటని మీరు అడగలేదు. మోటారు ఆపేశారు. టేపు అయిపోయింది.

ఇన్నేళ్ళూ అది అత్తయ్య మిమ్మల్ని ఆటపట్టించడం అనుకున్నాను. అందుకే ఇష్టపడి ఆల్బమ్‌లో పెట్టాను. మీ ఉత్తరం చదివాక విన్నాను మళ్ళీ. ఆవిడ "వింటారు" అనలేదు. "చూస్తారు" అంది. మామయ్యా, అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మీకు నలభై ఆరో, నలభై ఏడో.

కోడలు పిల్ల


ఆగస్టు 17

అమ్మడూ,

నీ కాగితం అందింది. ముప్ఫైసార్లు చదివి ఉంటాను. దర్జీకి చూపించలేదు. ఇది నాది.

ముప్ఫయ్యేళ్ళు ఒకే షాపులో, చెయ్యి చాపితే తగిలే దూరంలో కూర్చున్నాం. నేను దాస్తున్నాననుకున్నాను. ఆవిడ నేను దాచుకోవడాన్ని దాచిపెట్టింది. ఎన్ని వందల మోటార్లు మా షాపు గడప దాటాయో, అన్నీ నేనే విని బాగుచేశానని బజారంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. బేరింగు గీసుకుంటోందనీ, కాయిల్ గుంయ్‌మంటోందనీ ఆవిడ అనడం, నాకూ అనిపించిందని నేననడం. ఒక్కరోజైనా, "మీకు వినపడలేదు, నాకు తెలుసు" అని ఉంటే నేను వారం రోజులు అన్నం మానేసేవాణ్ణి. ఎనిమిదో రోజు నుంచి మనుషుల్లా మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఎనిమిదో రోజు మాకు రాలేదు. నావల్లే రాలేదు.

నువ్వు నెట్‌లో మార్చేది మార్చు. "నాకూ అలాగే అనిపించింది" అన్న నా మాట కూడా ఉంచు. తియ్యకు. అందరూ విననీ.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కాదనకు. "అత్తయ్య నవ్వింది" అని రాసి వదిలేశావు. అది నాకు చాలదు. ఆవిడకి నాలుగు నవ్వులుండేవి. షాపుకొచ్చినవాళ్ళ ముందు నవ్వేది ఒకటి, పొట్టిది, గడియ పెట్టినట్టు ఠక్కున ఆగేది. నేను చెప్పిన కథే మళ్ళీ చెబితే ముక్కుతో నవ్వేది, అది రెండోది. మూడోదానికి చప్పుడుండదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే భుజాలు కదిలేవి, అది నేను చూశాను కాబట్టి తెలుసు. నాలుగోది మొదలై సగంలో ఆగిపోయేది. ఎవరినైనా కోప్పడాలనిపించి కోప్పడలేనప్పుడు వచ్చేది. అది ఎక్కువగా నావంతే.

మళ్ళీ ఒకసారి పెట్టుకుని విని, ఏ నవ్వో రాయి. నాలుగోదైనా సరే, ఉన్నది ఉన్నట్టే రాయి.

మీ మామయ్య